వాంతి గోలీది, చికాకు సిగరెట్‌ది

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా ఆయనకు నలభై నాలుగేండ్లు. లారీ డ్రైవర్. రైస్ మిల్లుల నుంచి బియ్యం లోడు తీస్కొని చెన్నై దాకా పోతడు. పెండ్లి కాకముందు నుంచే బీడీలు, తర్వాత సిగరెట్లు. రోజుకు ఇరవై తక్కువ ఉండకపోయేది. మొన్న ఛాతీల నొప్పి లేస్తే హైదరాబాద్‌ల స్టెంట్ వేసిన్రు. సిగరెట్ బంద్ చేయకుంటే మళ్ల వస్తదని డాక్టర్ సారు వరేనిక్లైన్ గోలీలు రాసిచ్చిండు. వేసుకోవట్టి పన్నెండు రోజులైంది. పొద్దుగాల గోలీ వేస్కోంగనే కడుపుల తిప్పి కక్కుతుండు. రాత్రి కలవరిస్తుండు, లేచి కూసుంటుండు. పిల్లల మీద ఊకె గయ్యిమంటుండు. ఇంత జేసినా రోజుకు ఐదారు సిగరెట్లు తాగుతనే ఉండు. ఆ గోలీలకు పిచ్చి లేస్తది, ఉరేసుకుంటరు అని చాయ్ హోటల్ కాడ ఎవరో చెప్పిన్రట. కంపెనీయే వాపస్ తీస్కున్నదని మా మరిది ఫోన్‌ల చూపెట్టిండు. అన్నీ పారేయమని మా అత్తమ్మ అంటుంది. ఆపేయాల్నా? ఇన్ని రోజులకు మానలేదంటే మందు పనిచేయనట్టేనా?
– ఒక చెల్లె, నల్లగొండ జిల్లా

సమాధానం:

చెల్లెమ్మా, పారేయకండి. మీ అంతట మీరు ఆపేయకండి కూడా. గోలీ రాసిన డాక్టర్‌కి రేపు పొద్దున్నే ఫోన్ చేయండి. ఏం అడగాలో చివర్లో రాస్తాను.

రేపటిదాకా ఆగకూడని సందర్భాలు మాత్రం ముందే చెప్తాను. మీ ఆయన చావు మాటలు మాట్లాడినా, ఎవరో తనకు కీడు చేస్తున్నారని అనుమానపడినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, మనిషి ఎప్పుడూ లేనంత ముడుచుకుపోయినా, మూర్ఛ వచ్చినా, ముఖమో నాలుకో వాచినా, ఒళ్లంతా పొక్కులు లేచినా ఆ రోజు గోలీ వేయకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మళ్లీ ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం జరిగితే 108కి ఫోన్ చేయండి. మీరు రాసినదాంట్లో ఇవేవీ లేవు. అందుకే నిదానంగా మాట్లాడుకుందాం.

నేను మహబూబ్‌నగర్‌లో చాలా ఏండ్లు మందుల దుకాణం నడిపాను. నేనూ సిగరెట్ తాగినవాడినే, ఇదే గోలీతో మానినవాడినే. ఈ గోలీ తీసుకుపోయిన వాళ్లు మళ్లీ దుకాణానికి వచ్చి ఏమన్నారో కూడా విన్నాను. నాకు తెలిసినంతలో, మానడానికి మందు మొదలుపెట్టిన ఇంట్లో జరిగే గందరగోళమంతా ఒక్కచోటే మొదలవుతుంది. ఆ రోజుల్లో మనిషికి ఏమైనా సరే, అది గోలీ వల్లే అంటారు. నిజానికి అప్పుడు ఒంట్లో రెండు పనులు ఒకేసారి నడుస్తుంటాయి. గోలీ లోపలికి వస్తుంటుంది, నికోటిన్ బయటికి పోతుంటుంది. ఏ బాధ దేనిదో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది. మీరు రాసినవాటిలో వాంతి గోలీది, చికాకు ఎక్కువగా సిగరెట్‌ది, నిద్ర చెడటంలో రెండింటికీ వాటా ఉంది.

ఈ గోలీ ఏం చేస్తుందో ముందు చెప్తాను. సిగరెట్ పొగలోని నికోటిన్ కొన్ని క్షణాల్లోనే మెదడుకు చేరి, అక్కడ తనకు సరిపోయే చోట కూర్చుంటుంది. అది కూర్చోగానే డోపమైన్ అనే రసాయనం విడుదలై హాయి అనిపిస్తుంది. మిర్యాలగూడ బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాల వేస్తారే, వరేనిక్లైన్ అట్లా ముందే వెళ్లి ఆ చోటు ఆపుకుంటుంది. అక్కడ కూర్చుని కొద్దిపాటి హాయి తానే ఇస్తుంది కాబట్టి సిగరెట్ లేని బాధ తగ్గుతుంది. తర్వాత నికోటిన్ వచ్చినా దానికి చోటు దొరకదు కాబట్టి సిగరెట్ తాగినా మజా రాదు.

నాకు ఈ రెండోది బాగా గుర్తుంది. రెండో వారం వచ్చేసరికి సిగరెట్ రుచి చచ్చిపోయింది. వెలిగించి రెండు దమ్ములు లాగాక ఎందుకు వెలిగించానో నాకే అర్థమయ్యేది కాదు. కానీ అలవాటు వేరే సంగతి. నోరు వద్దన్నా చెయ్యి మాత్రం చొక్కా జేబు దగ్గరికి పోయేది. దుకాణం మూసి షట్టర్ దించగానే, అన్నం తిని లేవగానే, ఫోన్ మోగగానే చెయ్యి కదిలేది. గోలీ మెదడులో చోటు ఆపగలదు గానీ చేతికి నేర్పిన పనిని మరిపించలేదు. అది మనమే మరిపించుకోవాలి, అందుకు టైం పడుతుంది.

ఇప్పుడు మీ లెక్క చూడండి. ఈ గోలీ మొదటి మూడు రోజులు అర మిల్లీగ్రాము రోజుకు ఒకటి, నాలుగు నుంచి ఏడో రోజు వరకు అదే అర మిల్లీగ్రాము రెండు పూటలా, ఎనిమిదో రోజు నుంచి ఒక మిల్లీగ్రాము రెండు పూటలా ఇస్తారు. అంటే మీ ఆయన పూర్తి మోతాదులోకి వచ్చి ఐదు రోజులే అయింది. మొదటి వారం సిగరెట్ తాగుతూనే గోలీ వేసుకోమని చెప్పడం ఈ మందు పద్ధతిలోనే ఉంది. మానే రోజును సాధారణంగా ఎనిమిది నుంచి పద్నాలుగో రోజు మధ్య పెట్టుకుంటారు. ఇరవై తాగే మనిషి పన్నెండు రోజుల్లో ఐదారుకు దిగాడంటే గోలీ పనిచేస్తోందని అర్థం. అసలు ఆయన మానే తేదీ పెట్టుకున్నాడా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. చాలామంది ఇక్కడే జారిపోతారు. గోలీ వేసుకుంటే సిగరెట్ దానంతట అదే పోతుందనుకుంటారు. పోదు. ఫలానా రోజు పొద్దున్నుంచి వెలిగించను అని ఆయనే చెప్పాలి, మీ అందరి ముందూ చెప్పాలి. ఆ ముందు రోజు రాత్రి ఇంట్లో, లారీ క్యాబిన్‌లో ఉన్న డబ్బాలు, లైటర్లు, అగ్గిపెట్టెలు తీసేయాలి. ఒక్కసారిగా కుదరని వాళ్లకు ఇంకో దారి ఉంది. నాలుగు వారాల్లో సగానికి, తర్వాతి నాలుగు వారాల్లో అందులోనూ సగానికి తగ్గించి, పన్నెండు వారాలకల్లా పూర్తిగా మాని, ఆ తర్వాత ఇంకో పన్నెండు వారాలు గోలీ వేసుకోవచ్చు. కానీ కొత్తగా స్టెంట్ పడ్డ గుండెకు ఎంత తొందరగా మానితే అంత మేలు.

ఇక వాంతి. ఈ గోలీ వాడిన వాళ్లలో వందకు ముప్పై మందికి కడుపులో తిప్పుతుంది. గోలీ మానేసే వాళ్లలో చాలామంది చెప్పే కారణం కూడా ఇదే. మీరు “పొద్దుగాల గోలీ వేస్కోంగనే” అని రాశారు. అప్పటికి ఏం తింటున్నాడు? డ్రైవర్ల పొద్దు నాకు తెలుసు. తెల్లారకముందే ఒక చాయ్, మహా అయితే రెండు బిస్కెట్లు, ఆ పైన గోలీ. ఖాళీ కడుపులో పడితే ఇది తిప్పకుండా ఉండదు. కడుపునిండా తిన్నాకే వేయాలి. జొన్నరొట్టె గానీ, సద్ది గానీ, ఉప్మా గానీ ఏదైనా సరే. పైన నిండు గ్లాసు నీళ్లు తాగాలి, గుటక నీళ్లు చాలవు. నాకైతే ఇట్లా మార్చాక వాంతి ఆగింది, కొంచెం తిప్పినట్టు ఉండటం మాత్రం కొన్ని వారాలు ఉండి పోయింది. గోలీ కక్కేశాడని వెంటనే ఇంకోటి వేయకండి. ఇంత చేసినా తగ్గకపోతే డాక్టర్ మోతాదు తగ్గించి అర మిల్లీగ్రాము మీద కొనసాగించవచ్చు. అది డాక్టర్ చెప్పాల్సిన మాట, ఇంట్లో గోలీ విరిచి నిర్ణయించేది కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఈ మందు దాదాపుగా మారకుండానే మూత్రంలో బయటికి పోతుంది. కిడ్నీలు బాగా దెబ్బతిన్న వాళ్లకు ఒంట్లో నిలిచిపోతుంది కాబట్టి మోతాదు తక్కువ ఉండాలి. స్టెంట్ వేసేటప్పుడు కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేసే ఉంటారు. డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంచుకోండి.

మీ అత్తమ్మ గోలీలన్నీ పారేయమంటున్నదన్నారు కదా, అది చదివినప్పుడు నాకు వేరే భయం వేసింది. స్టెంట్ వేసిన మనిషికి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, దానితో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి ఇంకో గోలీ ఇస్తారు. అవి డాక్టర్ చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు. ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టి ప్రాణం మీదికి రావచ్చు. అన్ని గోలీలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో వేసి పెడతారు మన ఇండ్లలో. ఈ రోజే గుండె గోలీలు ఒక డబ్బాలో, సిగరెట్ మాన్పించే గోలీలు ఇంకో డబ్బాలో పెట్టండి. అత్తమ్మకు కూడా చూపించి చెప్పండి. కొడుకు మీద ఉన్న ప్రేమతోనే ఆమె ఆ మాట అన్నది, కాబట్టి చెప్తే వింటుంది.

కలవరింతలు ఈ గోలీ లక్షణమే. కలలు రంగురంగులుగా, నిజంగా జరిగినట్టే వస్తాయి. చనిపోయిన మా నాయన మంచం పక్కన కూర్చుని మాట్లాడినట్టు నాకు వచ్చేది, లేచాక కూడా కాసేపు అది కల అని నమ్మబుద్ధి అయ్యేది కాదు. భయపడాల్సిన పని లేదు, కానీ తగ్గించుకునే దారులున్నాయి. రాత్రి గోలీ పడుకునే ముందు కాకుండా పొద్దుగూకే వేళ తొందరగా అన్నం తిని అప్పుడే వేసుకోవాలి. రెండోది చాయ్. సిగరెట్ పొగలోని కొన్ని పదార్థాల వల్ల చాయ్‌లోని కెఫీన్‌ను ఒళ్లు తొందరగా ఖర్చు చేస్తుంది. సిగరెట్ మానగానే ఆ వేగం తగ్గుతుంది. అప్పుడు రోజూ తాగే చాయ్‌లే అంతకు రెండింతలు తాగినట్టు పనిచేసి, గుండె దడ, చికాకు, నిద్రలేమి తెస్తాయి. అవి కూడా గోలీ లెక్కలోనే పడిపోతాయి. చాయ్ సగానికి తగ్గించమనండి, సాయంత్రం తర్వాత వద్దనండి. చాయ్ తగ్గితే చాయ్‌తో పాటు వెలిగే సిగరెట్ కూడా తగ్గుతుంది.

ఆయన వృత్తి వల్ల ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ గోలీ కొందరికి తల తిప్పుతుంది, మత్తుగా ఉంటుంది, నిద్ర చెడగొడుతుంది. తన ఒంటికి ఇది ఎట్లా ఉందో తెలిసేదాకా వాహనం నడపవద్దని ఆ మందు కాగితం మీదే రాసి ఉంటుంది. 2008లో అమెరికాలో విమాన పైలట్లను ఈ గోలీ వాడవద్దన్నారు. రాత్రి నిద్ర లేని మనిషి లోడు లారీతో అద్దంకి రోడ్డెక్కడం నాకు అసలు ఇష్టం లేదు. స్టెంట్ పడ్డాక స్టీరింగ్ ఎప్పుడు పట్టాలో గుండె డాక్టర్ ఎట్లాగూ చెప్పాలి. వాంతులు, నిద్ర కుదుటపడేదాకా ఇంకొన్ని రోజులు ఆపమని యజమానితో మీరే మాట్లాడండి. కిరాయి పోతుందని తెలుసు. మనిషి ముందు.

పిల్లల మీద అరవడం దగ్గరికి వద్దాం. దీన్నే మీరు గోలీ వల్ల అని ఎక్కువ భయపడుతున్నట్టున్నారు. ముప్పావు వంతు సిగరెట్లు తగ్గించిన మనిషి మెదడు నికోటిన్ కోసం అల్లాడుతుంటుంది. చికాకు, కోపం, ఏ పనీ మీద మనసు నిలవకపోవడం, దిగులు, ఆకలి ఎక్కువ కావడం ఇవన్నీ అందుకే. గోలీ లేకుండా మానినా ఇవి వస్తాయి, ఇంకా ఎక్కువగా వస్తాయి. పూర్తిగా మానిన మొదటి వారం అన్నిటికన్నా కష్టం. మూడు నాలుగు వారాల్లో మెల్లగా సద్దుమణుగుతుంది. కాబట్టి మానే తేదీ తర్వాత ఇంకొన్ని రోజులు ఇల్లు వేడిగానే ఉంటుంది, సిద్ధంగా ఉండండి. పిల్లలకు ముందే చెప్పండి, నాయన కోపం మీ మీద కాదు అని. మా ఇంటామె నేను గొంతు పెంచగానే ఏమీ అనకుండా బయటికి పోయి రమ్మనేది. పది నిమిషాలు నడిచి వస్తే ఆ గుంజుడు తగ్గేది. తాగాలన్న గుంజుడు ఎప్పుడూ కొన్ని నిమిషాలే బలంగా ఉంటుంది. అట్లాగని మీరు దెబ్బలు, తిట్లు భరించాలని నేననడం లేదు. చికాకు వేరు, మనిషి తీరే మారిపోవడం వేరు. ఇన్నేండ్ల నుంచి చూస్తున్న మనిషి కాబట్టి ఆ తేడా ముందు కనిపించేది మీకే. అది కనిపిస్తే పైన చెప్పినట్టు ఆగకుండా తీసుకెళ్లండి. రాత్రి పూట మాట్లాడటానికి ఎవరూ లేకపోతే మనసు బాధల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

చాయ్ హోటల్ మాట ఉత్తదే అని నేను కొట్టిపారేయను. దానికి మూలం ఉంది. ఈ మందు 2006లో అమెరికాలో అనుమతి పొందింది. వాడిన వాళ్లలో కొందరికి దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయన్న ఫిర్యాదులతో 2009లో మందు కాగితం మీద చుట్టూ నల్ల గీత గీసిన పెద్ద హెచ్చరిక పెట్టించారు. తర్వాత నిజమేంటో తేల్చడానికి 16 దేశాల్లో 8 వేల మందికి పైగా మనుషుల మీద పరీక్ష చేశారు, అందులో సగం మంది మానసిక జబ్బు ఉన్నవాళ్లే. 2016లో ఫలితాలు వచ్చాయి. మందు లేని ఉత్తి గోలీ వేసుకున్న వాళ్లకన్నా ఈ గోలీ వేసుకున్న వాళ్లలో అట్లాంటి బాధలు చెప్పుకోదగ్గంత ఎక్కువ కనబడలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ పెద్ద హెచ్చరిక తీసేశారు. హోటల్ దగ్గర మొదటి సగం వినిపించింది, రెండో సగం వినిపించలేదు. అయినా కనిపెట్టుకుని ఉండమనే అంటాను. ముందు నుంచి దిగులు జబ్బు గానీ, మూర్ఛ గానీ ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

మీ మరిది చూపించింది కూడా నిజమే. 2021లో ఫైజర్ కంపెనీ చాంపిక్స్ పేరుతో అమ్మే ఈ గోలీలను వెనక్కి తీసుకుంది. తయారీలో, క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న నైట్రోసమైన్ అనే మలినం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉందని తేలింది. మందు గుణంలో తప్పు కాదు, ఆ తయారీలో తప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే 2021లో వరేనిక్లైన్‌ను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మీరు బిల్లు ఇచ్చే దుకాణంలో కొనండి, స్ట్రిప్ మీద తేదీ, కంపెనీ పేరు చూసుకోండి. క్యాన్సర్ భయంతో గోలీ ఆపి సిగరెట్ పట్టుకుంటే, ఏ మలినానికి భయపడ్డామో దాని తోబుట్టువులను పొగలో రోజూ పీల్చినట్టే. పొగాకు పొగ నిండా నైట్రోసమైన్లే.

తాగుడు సంగతి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నా. ఈ గోలీ మీద బీరు గానీ బ్రాందీ గానీ తాగితే కొందరికి మామూలు కన్నా ఎక్కువ ఎక్కుతుంది, ఏం చేశారో గుర్తుండదు, కొట్లాటకు దిగుతారు. 2015లో దీని మీద కూడా హెచ్చరిక వచ్చింది. ఈ మూడు నెలలు ముట్టకపోతే మంచిది. మా పాలమూరు వైపు కల్లు గురించి ఇంకా జాగ్రత్తగా చెప్పాల్సి వస్తుంది. మత్తు గోలీల పొడి కలిపిన కల్లుకు అలవాటు పడ్డ మనుషులు దాన్ని ఒక్కసారి ఆపితే మూర్ఛలు వస్తాయి, పిచ్చిపిచ్చిగా మాట్లాడతారు. రోజూ కల్లు తాగే మనిషైతే సిగరెట్, కల్లు ఒకే రోజు బంద్ చేయించకండి, డాక్టర్‌కి దాచకండి. సిగరెట్ మాన్పించడానికి ఇచ్చే మందుల్లో బుప్రోపియాన్ అని ఇంకోటి ఉంది. మూర్ఛలు ఉన్నవాళ్లు, తాగుడో మత్తు గోలీలో హఠాత్తుగా ఆపినవాళ్లు అది వేసుకోకూడదు. వరేనిక్లైన్ పడలేదని ఎవరైనా మందుల దుకాణంలో అది చేతిలో పెడితే తీసుకోకండి. నేనే దుకాణం నడిపినవాడిని కాబట్టి చెప్తున్నా, ఈ రెండు గోలీలూ డాక్టర్ చీటీ లేకుండా ఇచ్చేవి కావు.

గోలీ అసలే పడకపోతే నికోటిన్ చూయింగ్ గమ్, చర్మం మీద అతికించే పట్టీ ఉన్నాయి. గుండె డాక్టర్‌ను అడిగి వాడాలి. గమ్ పనిచేయలేదని చెప్పిన వాళ్లలో ఎక్కువమంది దాన్ని మామూలు గమ్‌లా నమిలి ఉమ్మేసినవాళ్లే. నాలుగైదు సార్లు మెల్లగా నమిలి, నాలుక చిమచిమలాడగానే దవడకు పెట్టి ఆపాలి, అది తగ్గాక మళ్లీ నమలాలి. అట్లా అరగంట. ముందు పావుగంట చాయ్ తాగకూడదు.

ఇంకా రెండు మాటలు. ఒకటి, ఈ మందు పన్నెండు వారాలు. వనపర్తి వైపు ఒక ఆర్టీసీ కండక్టర్ మూడో వారానికే సిగరెట్ మీద మనసు పోయిందని గోలీలు ఆపేశాడు, డబ్బులు ఎందుకు దండగ అనుకున్నాడు. డిపోలో గొడవ జరిగిన రోజు మళ్లీ వెలిగించాడు. బాగున్నప్పుడే ఆపేయాలనిపిస్తుంది, అప్పుడే ఆపకూడదు. పన్నెండు వారాలకు మానిన మనిషికి ఇంకో పన్నెండు వారాలు కూడా డాక్టర్లు ఇస్తారు. రెండోది, మానే తేదీ తర్వాత ఒకటి రెండు తాగాడని తెలిస్తే ఇంట్లో పంచాయితీ పెట్టకండి. గోలీ ఆపకుండా మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. నేను చెప్పిన 2016 పరీక్షలో ఈ గోలీ వాడిన వాళ్లలో ఆరు నెలల దగ్గర వందకు 22 మంది మాని ఉన్నారు. ఉత్తి గోలీ వాళ్లలో 9 మందే. రెండింతలకు పైగా అన్నమాట, అయినా అందరూ కాదు. మొదటిసారి కాకపోతే మళ్లీ ఇదే గోలీతో ప్రయత్నించవచ్చు. మాట సాయం తోడైతే ఇంకా మంచిది. సిగరెట్ డబ్బా మీదే ఉండే నంబర్ 1800-11-2356, డబ్బులు పడవు, తెలుగులోనూ మాట్లాడతారు. ఫోన్ ఆయన చేతే చేయించండి.

రేపు డాక్టర్‌ని అడగాల్సినవి: తిన్నాక వేసినా వాంతి అయితే మోతాదు తగ్గించాలా, క్రియాటినిన్ ఇంత ఉంది సరిపోతుందా, లారీ ఎప్పటి నుంచి నడపవచ్చు, మానే తేదీ ఏ రోజు పెట్టుకోవాలి. ఆయన రాత్రి ఎట్లా పడుకుంటున్నాడో, కోపం ఎట్లా ఉందో మీరే చెప్పండి. మగవాళ్లు డాక్టర్ ముందు “అంతా మంచిగనే ఉంది సార్” అంటారు.